మోతాదు పెంచే ముందు మందుల సంచి చూడాలి: ఒక పార్కిన్సన్స్ కేసు

పార్కిన్సన్స్ వచ్చి చాలా ఏళ్లయిన పేషెంటు "మాత్ర పనిచేయడం లేదు" అంటూ వస్తే డాక్టర్లకు ముందుగా తోచేది మోతాదు పెంచడం. ఈ కేసులో మోతాదు నా దగ్గరికి రాకముందే పెరిగింది, పెరిగిన ప్రతిసారీ ఆమె పరిస్థితి ఇంకా దిగజారింది. చివరికి ఆమెకు మేలు చేసింది ఉన్న మందుల్లో కొన్ని తీసెయ్యడం, మిగిలినవాటి వేళలు మార్చడం. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

పేషెంటును గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను లేదా వదిలేశాను. ఇందులోని మోతాదులు ఆమె ఒంటికి కుదిరినవి. వీటిని చూసి ఎవరూ సొంతంగా మందులు మార్చుకోవద్దు. ముఖ్యంగా లెవోడోపాను (ఈ జబ్బులో మెదడుకు తక్కువైన డోపమిన్ అనే రసాయనాన్ని భర్తీ చేసే ముఖ్యమైన మందును) ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన జ్వరం వచ్చి, ఒళ్లంతా కొయ్యబారి, ప్రాణం మీదికి రావచ్చు.

నేపథ్యం

ఆమె అరవై దాటిన గృహిణి. ఊరు కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఇంట్లో భర్త, కొడుకు, కోడలు ఉన్నారు. మందులు ఇచ్చే బాధ్యత భర్తది. ఒక్క పూట కూడా మర్చిపోని మనిషి. ఆమె బరువు 46 కిలోలు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. సన్నగా ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అదే మోతాదుకు మందు ప్రభావం ఎక్కువగా ఉంటుంది, మందు ఎక్కువైనప్పుడు ఒళ్లు దానంతటదే ఊగడం కూడా తొందరగా మొదలవుతుంది.

జబ్బు బయటపడి ఏడేళ్లయింది. కుడిచేతి వణుకుతో మొదలై, నడక నెమ్మదించి, తర్వాత ఎడమవైపుకీ పాకింది. లెవోడోపా మొదలుపెట్టిన కొత్తలో మనిషి మళ్లీ మామూలుగా అయిపోయారని భర్త చెప్పారు. నాకు ఈ మాట చాలా ముఖ్యం. లెవోడోపాకు అంత బాగా స్పందించారంటే ఇది అసలైన పార్కిన్సన్స్ అయ్యే అవకాశం ఎక్కువ. మందు పనిచేయగల మెదడే ఇది. మరి ఇప్పుడు ఎందుకు పనిచేయడం లేదన్నదే ప్రశ్న.

వచ్చిన సమస్య

ముగ్గురు మూడు సమస్యలు చెప్పారు. భర్త లెక్కలో పెద్ద సమస్య మధ్యాహ్నం. భోజనం తర్వాత రెండు మూడు గంటలు ఆమె కుర్చీలోంచి లేవలేరు, గ్లాసు పట్టుకోలేరు. కొడుకు చెప్పింది సాయంత్రం గురించి. మాత్ర వేశాక తల, భుజాలు, కాళ్లు వాటంతటవే మెలికలు తిరుగుతూ ఊగుతాయి, చూసేవాళ్లకు భయమేస్తుంది. ఆమె మాత్రం ఈ రెండింటి గురించీ మాట్లాడలేదు. రాత్రిళ్లు గదిలో గోడ పక్కన చిన్నపిల్లలు కూర్చుని కనిపిస్తున్నారని, పలకరిస్తే బదులివ్వరని, మెల్లగా చెప్పారు. ఇంట్లోవాళ్లు అది గాలి అనుకుని తాయెత్తు కట్టించారు. తర్వాత దగ్గర్లోని డాక్టరు రిస్పెరిడోన్ ఇచ్చారు, భ్రమలకు వాడేదే అయినా డోపమిన్‌ను అడ్డుకునే మందు. అది వేసుకున్న నాలుగు రోజులూ ఆమె మంచం దిగలేదు. భయపడి వాళ్లే ఆపేశారు.

ఒకదానికి మందిస్తే ఇంకొకటి ముదిరే పరిస్థితి ఇది. బిగుసుకుపోవడానికి డోపమిన్ పెంచాలి, ఊగడానికి, భ్రమలకు తగ్గించాలి. దేనికి ముందు చెయ్యి వేయాలో తెలియాలంటే రోజంతా ఏ గంటకు ఏం జరుగుతోందో తెలియాలి. అందుకని ఆ రోజు ఏ మందూ పెంచలేదు. మూత్రపరీక్ష, సోడియం, షుగరు, రక్తపరీక్షలు రాశాను. వయసు మీదపడ్డ పార్కిన్సన్స్ పేషెంటుకు భ్రమలు కొత్తగా వచ్చినా, పెరిగినా మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, సోడియం తగ్గిందేమో ముందు చూడాలి. ఆమెకు అవేమీ లేవు. ఇంకో రెండు పనులు కూడా అడిగాను. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఎవరు రాసినవైనా, ఒక సంచిలో వేసి తేవాలి. ఒక నోటు పుస్తకంలో గంట గంటకూ "బాగుంది", "బిగుసుకుంది", "ఊగుతోంది" అనే మూడింట్లో ఏదో ఒకటి రాయాలి. ఏం తిన్నారో, మాత్ర ఎప్పుడు వేశారో పక్కనే రాయాలి.

సంచిలో దొరికినవి

లెవోడోపా 100, కార్బిడోపా 10 కలిసిన బిళ్ల, అందరూ 110 అనేది, ఒకటిన్నర చొప్పున నాలుగు పూటలు. ట్రైహెక్సీఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు మూడు పూటలు. డోపమిన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్ అర మిల్లీగ్రాము మూడు పూటలు. అమాంటడిన్ 100 రెండు పూటలు. పదేళ్లుగా వాడుతున్న బీపీ మాత్ర. పొద్దున్నే ఒక గ్యాస్ బిళ్ల. ఆ చివరిదాని అట్ట తిప్పి చదివితే పాంటోప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ కనిపించింది.

లెవోసల్పిరైడ్ కడుపు ఉబ్బరానికి, అజీర్తికి మన దగ్గర విరివిగా రాసే మందు. అది డోపమిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది, మెదడులోకీ వెళ్తుంది. పార్కిన్సన్స్ లేనివాళ్లకే దానివల్ల వణుకు, బిగుసుకుపోవడం రావచ్చు. ఇక్కడ ఒక మందు డోపమిన్‌ను పెంచడానికి, ఇంకో మందు ఆ డోపమిన్‌ను పనిచేయనివ్వకుండా ఒకే రోజు ఒకే మనిషికి పడుతున్నాయి.

అది ఎందుకు వచ్చిందో అడుగుతూ వెనక్కి వెళ్తే మొత్తం వరుస బయటపడింది. మొదట 110 బిళ్ల రోజుకు మూడు ఇచ్చారు. లెవోడోపా మెదడుకు చేరకముందే డోపమిన్‌గా మారిపోతే వికారం, వాంతి వస్తాయి. ఆ మార్పును ఆపడానికే కార్బిడోపా. దానికి రోజుకు సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. 110 బిళ్లలు మూడింటిలో ఉండేది 30 మాత్రమే. అందుకే వికారం వచ్చింది. వికారం తట్టుకోలేక మాత్రను కడుపునిండా తిన్నాక వేసుకోవడం అలవాటు చేశారు, దానికి తోడు గ్యాస్ బిళ్ల వచ్చింది. ఈ రెండూ కలిసి లెవోడోపా పనిని తగ్గించాయి. తగ్గిందని మోతాదు పెంచారు. ఒక్కసారే 150 పడేసరికి ఒళ్లు ఊగింది. ఊగినందుకు అమాంటడిన్, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్, మధ్యాహ్నం బిగుసుకుపోతున్నందుకు ప్రమిపెక్సోల్ చేరాయి. ట్రైహెక్సీఫెనిడిల్ వల్ల నోరు ఎండిపోయి, మలబద్ధకం ముదిరి, కడుపు ఇంకా నెమ్మదించింది. కడుపులోంచి మాత్ర చిన్నపేగుకు చేరితేనే లెవోడోపా ఒంటికి పడుతుంది. కడుపు కదలకపోతే మాత్ర అక్కడే కూర్చుంటుంది.

ఈ మందులు రాసిన ప్రతి డాక్టరూ తన ముందున్న సమస్యకు సరైనదనుకున్న మందే ఇచ్చారు. సంచి మొత్తం ఒకచోట పోసి చూసే అవకాశం ఎవరికీ రాలేదు.

నోటు పుస్తకం చెప్పింది

పుస్తకం కోడలు రాసింది, చాలా శ్రద్ధగా. అందులో రెండు విషయాలు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించాయి. బిగుసుకుపోయిన గంటలు ఎక్కువగా పెసరట్టు తిన్న పొద్దుటిపూట, పప్పన్నం తిన్న మధ్యాహ్నం ఉన్నాయి. శనివారం మాత్రం మధ్యాహ్నం వరకూ వరుసగా "బాగుంది" అని ఉంది. అడిగితే శనివారాలు ఆమె ఒంటిపొద్దు ఉంటారని, పగలు పాలు, పండు తప్ప ఏమీ తీసుకోరని చెప్పారు. స్వామి దయవల్ల ఆ ఒక్కరోజు బాగుంటుందని భర్త నమ్మకం. ఆ నమ్మకం జోలికి నేను పోలేదు. ఆ రోజు మాత్ర మామూలు వేళకే పడుతుంది, కాకపోతే కడుపు దాదాపు ఖాళీగా ఉంటుంది. నాకు కావలసిన పరీక్ష ఆ ఇంట్లో ప్రతి వారం జరుగుతోంది.

లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పప్పు, గుడ్డు, మాంసం అరిగితే వచ్చే కొన్ని అమైనో ఆమ్లాలూ అదే ద్వారం గుండా పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్లాలి. అవి ఎక్కువగా ఉన్నప్పుడు లెవోడోపాకు దారి దొరకదు. పైగా అది రక్తంలో సగానికి తగ్గడానికి గంట, గంటన్నర చాలు. దారి కోసం ఆగే సమయం దానికి ఉండదు.

కోడలు నాతో విడిగా ఇంకో మాట చెప్పింది. అత్తగారు రాత్రి రెండు మూడింటికి లేచి బీరువాలో చీరలన్నీ తీసి, మడతలు విప్పి, మళ్లీ మడతపెట్టి, తెల్లవారేదాకా అదే పని చేస్తున్నారట. నిద్రపట్టక చేస్తున్నారని ఇంట్లో అనుకున్నారు. ఇలా ఒకే పనిని ఆపలేకుండా పదే పదే చేయడం డోపమిన్ మందుల వల్ల, ముఖ్యంగా ప్రమిపెక్సోల్ లాంటివాటి వల్ల వచ్చే దుష్ప్రభావం. కొందరిలో అది జూదంగా, విపరీతమైన కొనుగోళ్లుగా, అదుపులేని తిండిగా, లైంగిక కోరికగా బయటపడుతుంది. సిగ్గుతో పేషెంటు చెప్పరు. ఇంట్లోవాళ్లకు మందుకూ దానికీ సంబంధం ఉందని తోచదు. డాక్టరే పేరు పెట్టి అడగాలి.

ముందు ఏది తీయాలి

లెవోసల్పిరైడ్ వెంటనే ఆపాను. దానికి తటపటాయింపు అక్కర్లేదు, అయితే దాని ప్రభావం పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టవచ్చని ముందే చెప్పాను. అలా చెప్పకపోతే పదిరోజుల్లో ఫలితం కనబడలేదని మనసు విరిచేసుకుంటారు.

తర్వాత భ్రమల సంగతి. అందుకు అలవాటుగా పాటించే వరుస ఒకటుంది. ముందు ట్రైహెక్సీఫెనిడిల్, తర్వాత అమాంటడిన్, ప్రమిపెక్సోల్ జాతి మందులు, అన్నిటికన్నా చివర లెవోడోపా. కదలికకు అతి తక్కువ మేలు చేస్తూ బుద్ధిని అతి ఎక్కువగా చెదరగొట్టేది ముందు పోవాలి. లెవోడోపా కదలికకు ఎక్కువ మేలు చేస్తుంది, తక్కువగా చెదరగొడుతుంది, అందుకే అది చివరిది. ట్రైహెక్సీఫెనిడిల్‌ను మూడు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపాను.

ఫలితం సగం సగం. మలవిసర్జన కుదుటపడింది, నోరు ఎండిపోవడం తగ్గింది, పిల్లలు కనబడటం వారానికి ఒకటి రెండు రాత్రులకు తగ్గింది. కుడిచేతి వణుకు మాత్రం మళ్లీ పెరిగింది. భర్త బాగా టెన్షన్ పడ్డారు. "ఆ మాత్ర మళ్లీ వేద్దాం సార్, చెయ్యి చూడలేకపోతున్నాం" అన్నారు. నేను ఆమెను అడిగాను. "వణికితే వణకనీయండి డాక్టరుగారూ, ఆ పిల్లలు కనిపించకుండా ఉంటే చాలు" అన్నారు. ఆ మాటతో నిర్ణయం అయిపోయింది. బయటికి కనిపించే లక్షణం ఇంట్లోవాళ్లను ఎక్కువ బాధపెడుతుంది, లోపలున్నది పేషెంటును బాధపెడుతుంది. చికిత్స ఎవరి బాధను బట్టి సాగాలో ఆమె సమక్షంలోనే తేల్చుకోవాలి.

అమాంటడిన్ కన్నా ముందు ప్రమిపెక్సోల్‌ను ఎంచుకోవడానికి కారణం చీరల బీరువా. పైగా అమాంటడిన్ తీస్తే ఊగడం పెరిగి ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ప్రమిపెక్సోల్ తగ్గిస్తుంటే మధ్యలో ఆమెకు గుండెదడ, చెమటలు, ఏడుపు, ఏదో జరగబోతోందన్న భయం వచ్చాయి. ఇది ఆ మందు తగ్గినప్పుడు కొందరికి వచ్చేదే. లెవోడోపా పెంచినా తగ్గదు. అందుకని అప్పుడున్న మోతాదు దగ్గరే కొన్ని వారాలు ఆగి, తర్వాత ఇంకా చిన్న మెట్లలో దించాను. పూర్తిగా ఆపడానికి మూడు నెలలకు పైగా పట్టింది.

బీపీ సంగతి ఇక్కడే చెప్పాలి. పడుకున్నప్పుడు 130/80, నిలబడి మూడు నిమిషాలయ్యాక 98/60. కూర్చుని చూసిన బీపీ బాగుందని ఆ మాత్ర ఏళ్లుగా నడుస్తోంది. జబ్బూ, దాని మందులూ రెండూ నిలబడినప్పుడు బీపీని దించుతాయి. ఆమె ఫ్యామిలీ డాక్టరుతో మాట్లాడి ఆపించాం. బాత్రూముకు వెళ్లేటప్పుడు తూలడం తగ్గింది.

వేళలు, తిండి

గ్యాస్ బిళ్ల తీశాక వికారానికి అసలు కారణం సరిచేయాలి. 110 స్థానంలో కార్బిడోపా 25 ఉన్న బిళ్ల, అంటే 125, ఇచ్చాను. ఒకటిన్నర చొప్పున నాలుగు పూటలకు బదులు, ఒకటి చొప్పున ఐదు పూటలు: పొద్దున 6, 9.30, మధ్యాహ్నం 12.30, సాయంత్రం 4, రాత్రి 7.30. లెవోడోపా మొత్తం 600 నుంచి 500కు తగ్గింది, కార్బిడోపా 60 నుంచి 125కు పెరిగింది. "మాత్ర చాలడం లేదంటే తగ్గిస్తారేంటి" అని కొడుకు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 150 పడినప్పుడు ఒళ్లు ఊగుతోందంటే ఒక్కసారికి అది ఎక్కువ. రెండున్నర మూడు గంటల్లో ప్రభావం తీరిపోతోందంటే వ్యవధి ఎక్కువ. ఖాళీ కడుపుతో వేస్తే అదే 100 ఎక్కువగా ఒంటికి పడుతుంది. ఈ మూడూ బొమ్మ గీసి చూపించాక ఒప్పుకున్నాడు.

తిండికి కనీసం అరగంట ముందు, లేదా తిన్న గంటన్నర తర్వాత మాత్ర. ఖాళీ కడుపుతో మాత్ర వేస్తే పుండు పడుతుందన్న భయం భర్తకు గట్టిగా ఉంది. మొదటి వారం రెండు మరమరాలో, ఒక బిస్కెట్టో తినమని సర్దిచెప్పాను. 125కి మారాక వికారం రాకపోవడంతో ఆ భయం దానంతటదే పోయింది.

పప్పు, గుడ్డు, చేప రాత్రి భోజనంలోకి మార్చాం. పగలు ఇడ్లీ, ఉప్మా, కూర అన్నం, రసం. మాంసకృత్తులు మొత్తం మీద తగ్గకూడదని గట్టిగా చెప్పాను. 46 కిలోల మనిషి పప్పు మానేస్తే కండ కరిగిపోతుంది, పడితే ఎముక విరుగుతుంది. నెలకోసారి బరువు చూడమన్నాను. జబ్బు తొలి ఏళ్లలో, మాత్ర రోజంతా సమంగా పనిచేసేవాళ్లకు ఈ తిండి మార్పు అవసరమే ఉండదు.

పని చేయనివి

తెల్లవారుజామున కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి నొప్పిపెట్టేవి. రాత్రి మందు తెల్లవారేసరికి అయిపోవడం వల్ల వచ్చేది అది. పడుకునే ముందు, మెల్లగా విడుదలయ్యే సీఆర్ బిళ్ల ఇచ్చి చూశాను. ఎప్పుడు పనిచేస్తుందో చెప్పలేని పరిస్థితి వచ్చింది, పీడకలలు పెరిగాయి. ఒక రాత్రి అయితే వేసిన అరగంటకే ఒళ్లు విపరీతంగా ఊగింది. ఆరా తీస్తే, మింగడం కష్టంగా ఉందని భర్త ఆ బిళ్లను నూరి మజ్జిగలో కలిపి ఇచ్చారట. సీఆర్ బిళ్లను నూరితే గంటల తరబడి రావాల్సిన మందు ఒక్కసారే బయటికొస్తుంది. దాన్ని ఆపేశాం. బదులుగా పొద్దుటి మామూలు 125 బిళ్లను మంచం దగ్గరే పెట్టుకుని, లేవడానికి అరగంట ముందు నీళ్లలో కలిపి తాగమన్నాను. మామూలు బిళ్లను అలా కలపవచ్చు, పని కూడా త్వరగా మొదలవుతుంది. కాలివేళ్ల నొప్పి అరగంటలోపే సర్దుకునేది.

అంతా కుదురుకుంటున్న సమయంలో ఊగడం మళ్లీ హఠాత్తుగా పెరిగింది. మోతాదు మారలేదు, వేళలు మారలేదు. "ఇంట్లోవాళ్లు మంచి ఉద్దేశంతో ఇంకేమైనా ఇస్తున్నారా" అని అడిగితే, బంధువు ఒకరు పంపిన దూలగొండి గింజల పొడి పాలల్లో ఇస్తున్నామన్నారు. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. మన ఆయుర్వేదంలో అది పాత మందే, దానికి పనిచేసే గుణం ఉంది కూడా. ఇబ్బంది ఏమిటంటే ఒక్కో పొడిలో ఎంత ఉందో తెలియదు, ఆమె అప్పటికే సరిపడా తీసుకుంటున్నారు. ఇదే వివరించాను, కసురుకోలేదు. కసిరితే వచ్చేసారి చెప్పరు. పొడి ఆపిన కొద్దిరోజులకే ఊగడం పాత స్థాయికి తగ్గింది.

ఇప్పుడు

ఆరు నెలల తర్వాతి నోటు పుస్తకంలో మెలకువగా ఉన్న సమయంలో బిగుసుకుపోయే గంటలు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. భ్రమలు లేవు. చీరల పని లేదు. రాత్రి ఐదారు గంటలు నిద్రపోతున్నారు. అమాంటడిన్ పొద్దుటి పూట ఒక్కటే ఉంచాం. కాళ్ల మీద వల అల్లినట్టుండే ఊదారంగు చారలు దానివే, రక్తప్రసరణ జబ్బు కాదని చెప్పాక ఇంట్లో ఆ కంగారూ తీరింది. భ్రమలు తగ్గకపోతే క్వెటియాపిన్ చిన్న మోతాదు, లేదా రక్తకణాల లెక్క చూసుకుంటూ క్లోజాపిన్ ఇవ్వాలనుకున్నాను. ఆ అవసరం రాలేదు.

కుడిచేతి వణుకు ఉంది. జబ్బు ఆగలేదు, ముందుకే వెళ్తుంది. ఒక మాత్ర ప్రభావం తర్వాతి మాత్ర వేళ దాకా మళ్లీ చాలకపోతే, ఆ ప్రభావాన్ని పొడిగించే ఎంటకపోన్ కలపాలా, రసాజిలిన్ కలపాలా అన్నది ఆలోచించాలి. ఒకసారి భ్రమలు వచ్చిన మనిషి కాబట్టి ఏది కలిపినా అతి తక్కువ మోతాదుతో, ఒక్కసారికి ఒక్కటే.

ఈ కేసు తర్వాత నా దగ్గరికి వచ్చే ప్రతి పార్కిన్సన్స్ పేషెంటుకు, డోపమిన్‌ను అడ్డుకునే మందుల పేర్లతో, తెలుగులో ఒక కార్డు ఇస్తున్నాను. వాంతులకు మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ వద్దు. గ్యాస్‌కు లెవోసల్పిరైడ్ వద్దు. కళ్లు తిరిగితే సిన్నారిజిన్, తలనొప్పికి ఫ్లునారిజిన్ వద్దు. భ్రమలకు, గొడవకు హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వద్దు. ఆపరేషన్ అయినా, జ్వరమైనా, లెవోడోపాను వేళ తప్పకుండా ఇవ్వాలి, మింగలేకపోతే ముక్కు గొట్టం ద్వారా ఇవ్వాలి. కార్డు వెనక మాత్రల వేళలు, నా ఫోన్ నంబరు ఉంటాయి. ఈమె భర్త దాన్ని నాలుగు కాపీలు తీయించి, ఒకటి ఫ్యామిలీ డాక్టరుకు, ఒకటి వాళ్ల మందుల షాపులో, ఒకటి బంధువుల ఊళ్లో ఇచ్చారు. నాలుగోది ఆమె పర్సులో ఉంటుంది.